ఇండికేటర్ కథ: చాపిన చెయ్యి నుంచి ఎల్ఈడీ దాకా

హైదరాబాదు నుంచి విజయవాడ వైపు వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఈసారి ఒక పని చెయ్యండి. చౌటుప్పల్ దాటినప్పటి నుంచి సూర్యాపేట వచ్చేదాకా ముందు పోతున్న మోటారు సైకిళ్ళ ఇండికేటర్లు గమనించండి. ఒకాయనది లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. ఇంకొకాయనది నీలం రంగులో, పోలీసు జీపు బుగ్గలాగా. మూడో ఆయన ఏ వైపు తిరుగుతున్నాడో గానీ నాలుగు దీపాలూ ఒకేసారి వెలిగి ఆరుతుంటాయి. జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు వెళ్ళే రోడ్డు మీద కూడా ఇదే తంతు. పాత ఫిలమెంటు బల్బు తీసేసి ఎల్ఈడీ వేయించుకున్న బళ్ళు ఇవన్నీ.

ఎల్ఈడీ వేయించుకోవడం తప్పని చెప్పడానికి రాయట్లేదు. నాకయితే అది మంచి ఆలోచనే అనిపిస్తుంది. కానీ ఈ చిన్న దీపం వెనక వందేళ్ళ పైబడిన కథ ఉంది. ఆ కథ తెలిస్తే, బల్బు ఒక్కటే మార్చి చేతులు దులుపుకుంటే ఎందుకు తేడా కొడుతుందో మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఎందుకంటే ఇది అచ్చంగా మనం రోజూ చూసే లెగసీ సిస్టం గొడవే.

మొదట చెయ్యి ఉండేది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో (2016 అక్టోబరులో ముక్కలు కాకముందు ఉన్న పెద్ద జిల్లాల సంగతి చెబుతున్నాను) మా తాతల కాలంలో రోడ్డు మీద ఎక్కువగా నడిచింది ఎడ్లబండ్లే. రాత్రి పూట బండి కింద ఒక లాంతరు వేలాడేది. అది 'ఇక్కడ ఒక బండి ఉంది' అని మాత్రం చెప్పేది. ఎటు తిరుగుతుందో చెప్పేది కాదు. చెప్పాల్సిన అవసరమూ పెద్దగా లేదు, మనిషి నడిచే వేగంతో పోయే బండి గనక ఒక కేక వేస్తే సరిపోయేది. 1932 లో నిజాం ప్రభుత్వం రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మోటారు వేగానికి కేక సరిపోదు. వెనకవాడికి వినపడేలోగా మీద పడతాడు.

అందుకని చేతి సైగలు. 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989 లో వచ్చిన రోడ్డు నియమాల్లో కూడా ఇవి ఉండేవి. కుడి చెయ్యి అడ్డంగా చాపి అరచెయ్యి ముందుకి చూపిస్తే కుడివైపు తిరుగుతున్నట్టు. అదే చెయ్యి చాపి అపసవ్యంగా గుండ్రంగా తిప్పితే ఎడమవైపు. అరచెయ్యి కిందకి పెట్టి పైకీ కిందకీ ఊపితే నెమ్మదిస్తున్నట్టు. ముంజేయి నిటారుగా ఎత్తితే ఆగుతున్నట్టు. లైసెన్సు కోసం ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళిన చాలామంది ఈ బొమ్మలు బట్టీ కొట్టి, లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రమే మర్చిపోయి ఉంటారు :)

ఇక్కడొక తిరకాసు గమనించారా? సైగలన్నీ కుడి చేత్తోనే. కారు, లారీ వాళ్ళకి అది సరే. కుడి పక్కన కూర్చుంటారు, కిటికీ లోంచి చెయ్యి బయట పెడతారు. లారీకి ఎడమ పక్కన క్లీనర్ చెయ్యి అదనం. మరి మోటారు సైకిలు వాడికి? కుడి చేతిలో ఏముంటాయి? ఏక్సిలరేటరు, ముందు బ్రేకు. అంటే కుడికి తిరుగుతున్నానని చెప్పాలంటే, తిరగబోయే ముందు, వేగం తగ్గించాల్సిన ఆ క్షణంలోనే ఏక్సిలరేటరూ బ్రేకూ రెండూ వదిలెయ్యాలి! కారు కన్నా మోటారు సైకిలుకి కరెంటు ఇండికేటర్ ఎక్కువ అవసరం అనడానికి ఈ ఒక్క కారణం చాలు. కానీ చరిత్రలో జరిగింది తిరకాసుగానే. ముందు కార్లకి వచ్చింది, చాలా ఏళ్ళకి గానీ మోటారు సైకిళ్ళకి రాలేదు.

కారు కథ కాస్త చెప్పుకుందాం. 1914 లో ఫ్లోరెన్స్ లారెన్స్ అనే అమెరికా మూకీ సినిమాల తార తన కారు వెనక ఒక చిన్న జెండా చెయ్యి పెట్టుకుంది. బటన్ నొక్కితే అది లేచి, తిరుగుతున్న వైపు చూపించేది. ఆవిడ దానికి పేటెంటు తీసుకోలేదు. 1928 నుంచి జర్మనీ లో బాష్ కంపెనీ 'వింకర్' అని కారు పక్కన అమర్చే చిన్న చెయ్యి అమ్మడం మొదలుపెట్టింది. కరెంటుతో లేచే చెయ్యి, లోపల దీపం. బ్రిటన్ లో వీటిని ట్రాఫికేటర్లు అనేవాళ్ళు. మోరిస్ మైనర్ కారుకి 1961 దాకా ఇవే ఉన్నాయి. మన దగ్గర హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు బేబీ హిందుస్తాన్ పేరుతో అమ్మింది ఆ మోరిస్ మైనరే. గమనిస్తే, ఇది చేతి సైగకి అచ్చమైన అనుకరణ. మనిషి చెయ్యి బదులు ఇనప చెయ్యి. ఇంటర్‌ఫేస్ అదే, ఇంప్లిమెంటేషన్ మారింది అన్నమాట.

1939 లో అమెరికాలో బ్యూక్ కారు వెనక వెలిగి ఆరే దీపాలు పెట్టారు. ఇక్కడ మాత్రం భాషే మారింది. చెయ్యి ఆకారం పోయింది, 'కొట్టుకునే వెలుగు' అనేది కొత్త గుర్తు అయ్యింది. తర్వాత రంగు వంతు. మొదట్లో చాలా కార్లకి ముందు తెల్లగా, వెనక ఎర్రగా వెలిగేవి. ఎరుపైతే బ్రేకు లైటో ఇండికేటరో ఒక్క చూపులో తెలీదు. 1963 మోడళ్ళ నుంచి అమెరికాలో ముందు ఇండికేటర్లు కాషాయానికీ పసుపుకీ మధ్య ఉండే ఆంబర్ రంగుకి మారాయి. వెనక మాత్రం ఇప్పటికీ ఆ దేశంలో ఎరుపు పెట్టుకోవచ్చు. దాని ఫలితం ఏమిటో కూడా లెక్క తేల్చారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2009 లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, తిరుగుతున్న వాహనాన్ని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు వెనక ఎర్ర ఇండికేటర్లున్న కార్ల కన్నా ఆంబర్ ఉన్నవాటికి సుమారు 5 శాతం తక్కువ. రంగు ఒక్కటి మార్చినందుకు!

మన దేశంలో ఈ సంగతి ముందే తేల్చేశారు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 102వ నియమం ఇండికేటర్ గురించి. రంగు ఆంబర్ ఉండాలి. నిమిషానికి 60 కి తక్కువ కాకుండా, 120 కి మించకుండా కొట్టుకోవాలి. ముందు నుంచీ వెనక నుంచీ స్పష్టంగా కనపడాలి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో కూడా లెక్క ఇదే, 90 కి అటు 30 ఇటు 30.

ఈ 60, 120 అంకెల మీద ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 సార్లు అంటే సెకనుకి ఒకటి. అంటే మీ ఇండికేటర్ ఒక్కసారి వెలిగి ఆరేలోగా వెనక కారు 28 మీటర్లు దగ్గరికొస్తుంది. అంతకన్నా నెమ్మదిగా కొట్టుకుంటే వెనకవాడు చూసే క్షణంలో దీపం ఆరి ఉండొచ్చు. మరీ వేగంగా కొట్టుకుంటే అది సైగో, లూజు వైరు గతుకుల్లో వణుకుతోందో తెలీదు. ఒకవేళ బస్సులో మీ పక్కాయన నిమిషానికి 300 మాటల వేగంతో మాట్లాడితే ఏం అర్థమవుతుంది? ఇదీ అంతే.

సరే, మోటారు సైకిళ్ళ దగ్గరికొద్దాం. అమెరికాలో 1970ల మొదట్లో కొత్త మోటారు సైకిళ్ళకి ఇండికేటర్లు తప్పనిసరి అయ్యాయి. మన పల్లెల్లో ఆ రోజుల్లో దర్జా అంటే రాజ్‌దూత్, లేదా ఎజ్డీ, మరీ ఉన్నవాళ్ళకి బుల్లెట్. కరెంటు ఆఫీసులోనో బ్యాంకులోనో పనిచేసేవాళ్ళకి చేతక్ స్కూటరు, టీచర్లకి లూనా. పాత రాజ్‌దూత్ ల లాంటి చాలా బళ్ళలో 6 వోల్టుల కరెంటు. హెడ్‌లైటు వెలిగితేనే గొప్ప, అది కూడా ఇంజను శబ్దాన్ని బట్టి పెరిగేది తగ్గేది. ఇండికేటర్ ఉన్న బండి అరుదు. మలుపు దగ్గర చెయ్యి చాపేవాళ్ళు, లేదా వెనక కూర్చున్నవాడు చాపేవాడు. వెనక కూర్చున్నవాడి చేతిలో సంచీ ఉంటే సంచీతో సహా చాపేవాడు!

1984, 85 ప్రాంతంలో జపాను వాళ్ళ పొత్తు బళ్ళు వచ్చాయి. హోసూరు నుంచి ఇండ్-సుజుకి, తర్వాత హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100, ఆ పైన కవాసాకి బజాజ్. ఇవి వచ్చాకే మన పల్లె రోడ్ల మీద నాలుగు మూలలా నాలుగు ఆంబర్ బుడ్డీలున్న బండి మామూలు దృశ్యం అయ్యింది. ఎడమ బొటనవేలి కింద స్విచ్చి. కుడి చెయ్యి బ్రేకు వదలక్కర్లేదు! 1989 జులై 1 నుంచి కొత్త చట్టం, కొత్త నియమాలు అమల్లోకి రావడంతో ఇండికేటర్ అనేది సోకు వస్తువు నుంచి నియమం అయి కూర్చుంది. ఆ తర్వాత స్ప్లెండర్ రాజ్యం. దానితో పాటే టింగ్ టింగ్ మని పాడే ఇండికేటర్ బజరు. రాత్రి పూట ఊళ్ళోకి ఎవరు వచ్చారో ఆ బజరు పాటని బట్టి చెప్పేవాళ్ళు మా వీధిలో.

ఇప్పుడు అసలు విషయం. ఆ పాత ఇండికేటర్ లోపల ఏముంది?

12 వోల్టులు, 10 వాట్ల బల్బులు నాలుగు. ఒక వైపు తిప్పితే ముందొకటి, వెనకొకటి, మొత్తం 20 వాట్లు, మీటరు లో ఉండే బుల్లి బల్బు అదనం. అంటే దాదాపు 1.7 ఆంపియర్లు. దీన్ని వెలిగించి ఆర్పేది ఫ్లాషర్. పాత రకం ఫ్లాషర్ ఎంత తెలివైనదంటే, అందులో తెలివే లేదు. ఒక సన్నటి లోహపు పట్టీ, దాని మీదుగా కరెంటు పోతుంది. పోయేకొద్దీ వేడెక్కి వంగుతుంది, వంగితే కరెంటు తెగుతుంది. చల్లారి మళ్ళీ మొదటికొస్తుంది. టిక్కు, టిక్కు. టైమరు లేదు, చిప్పు లేదు. బల్బు తాగే కరెంటే టైమరు. ఇంకొన్నిటిలో పట్టీ బదులు కెపాసిటరూ రిలే ఉంటాయి, వాటికి కూడా లెక్క బల్బు కరెంటు మీదే.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒక బల్బు మాడిపోతే కరెంటు సగమవుతుంది, పట్టీ సరిగ్గా వేడెక్కదు, కొట్టుకోవడం ఆగిపోతుంది లేదా లయ తప్పుతుంది. మీటరు దీపం చూడగానే నడిపేవాడికి తెలిసిపోతుంది, వెనక బల్బు పోయిందని. దిగి వెనక్కి వెళ్ళి చూడక్కర్లేదు. అంటే ఎర్రర్ రిపోర్టింగ్ కోసం ఒక్క వైరు అదనంగా వాడకుండా, ఒక్క పైసా ఖర్చు లేకుండా సాధించారు. ఇలాంటి డిజైను చూస్తే నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మూడో గమ్మత్తు మీటరు లో. కొన్ని బళ్ళకి కుడికీ ఎడమకీ కలిపి మీటరు లో ఒకే బల్బు ఉంటుంది. దాని రెండు కొసల్లో ఒకటి ఎడమ ఇండికేటర్ వైరుకి, రెండోది కుడి ఇండికేటర్ వైరుకి కలిపేస్తారు. ఎర్తు వైరు ఉండదు. మరెలా వెలుగుతుంది? ఎడమకి కొడితే కరెంటు ఎడమ వైరు నుంచి మీటరు బల్బు గుండా కుడి వైపుకి వెళ్ళి, అక్కడి రెండు పెద్ద బల్బుల ఫిలమెంట్ల గుండా ఎర్తుకి పోతుంది. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్సు ఒకటి రెండు ఓములే, దాదాపు వైరు ముక్కతో సమానం. అందుకని కుడి బల్బులు వెలగవు, మీటరు బల్బు మాత్రం వెలుగుతుంది. ఆరి ఉన్న బల్బు కూడా ఉద్యోగం చేస్తోందన్నమాట!

చూశారా, ఆ 10 వాట్ల బల్బు వెలుగివ్వడం ఒక్కటే కాదు, ఎవరూ ఎక్కడా రాసి పెట్టని మూడు పనులు చేస్తోంది. వేగం నిర్ణయిస్తోంది, తోటి బల్బు చస్తే కబురు చెబుతోంది, ఆరి ఉన్నప్పుడు ఎర్తు వైరులా పనికొస్తోంది. డాక్యుమెంటేషన్ లేని డిపెండెన్సీలు. కోడ్ లో పనికిరానట్టు కనపడిన ఒక ఫంక్షన్ తీసేస్తే ఎక్కడో మూల ఉన్న రిపోర్టు ఆగిపోవడం మనకి అనుభవమే కదా.

ఎల్ఈడీ వైపు నుంచి కూడా కథ చూద్దాం. 1962 లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ మొదటిసారి కంటికి కనపడే ఎర్రటి ఎల్ఈడీ చేశాడు. ఆయన శిష్యుడు జార్జ్ క్రాఫర్డ్ 1972 లో మోన్‌శాంటో కంపెనీలో పసుపు ఎల్ఈడీ తయారు చేశాడు. అవి కాలిక్యులేటర్లకీ రేడియో మీద చుక్కకీ సరిపోయేంత వెలుగువి. ఎండలో రోడ్డు మీద కనపడాలంటే అల్యూమినియం, ఇండియం, గాలియం, ఫాస్ఫరస్ కలిపిన పదార్థం రావాల్సి వచ్చింది. అది 1990 ప్రాంతంలో అందింది. బాగా వెలిగే ఎరుపు, ఆంబర్ రంగులు దానితోనే సాధ్యమయ్యాయి. నోబెల్ బహుమతి (2014) నీలం ఎల్ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకి వచ్చింది, తెల్ల దీపానికి దారి తీసింది అదే గనక. కానీ మన ఇండికేటర్ కి కావలసిన ఆంబర్ అంతకు ముందే సిద్ధం.

ఇందులో ఒక అందం ఉంది. పాత పద్ధతిలో ఫిలమెంటు తెల్లటి వెలుగు ఇస్తుంది, పైనున్న ఆంబర్ ప్లాస్టిక్కు తనకి కావలసిన రంగు మాత్రం వదిలి మిగతాది మింగేస్తుంది. అసలే ఫిలమెంటు తాగే కరెంటు లో ఎక్కువ భాగం వేడి. ఉన్న కాస్త వెలుగులో మళ్ళీ కోత. ఆంబర్ ఎల్ఈడీ నేరుగా ఆ రంగే ఇస్తుంది. అందుకే 10 వాట్లు చేసే పని ఒకటి రెండు వాట్లలో అయిపోతుంది. పైగా ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకి 90 కిలోమీటర్ల వేగంలో ఆ ఐదో వంతు అంటే 5 మీటర్లు. ఒక కారు పొడవు కన్నా ఎక్కువ.

మన దేశపు బళ్ళకి ఇది వెనక దీపంతో మొదలయింది. 2006 ప్రాంతంలో పల్సర్ కి ఎల్ఈడీ టెయిల్ లైటు రాగానే కుర్రాళ్ళు ఎగబడ్డారు. కేటీఎం డ్యూక్ 200 (2012) లాంటివి ఇండికేటర్లతో సహా ఎల్ఈడీలతో వచ్చాయి. ఇక 2014, 15 ల్లో ప్రభుత్వం ఎల్ఈడీ బల్బుల పథకం మొదలుపెట్టాక, వందల రూపాయల బల్బు ధర రెండు మూడేళ్ళలో పాతాళానికి దిగింది. ఊరి కిరాణా కొట్టు దాకా ఎల్ఈడీ వచ్చేసింది. పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపుల నుంచి దేవరకొండ, అచ్చంపేట బస్టాండు పక్క కొట్ల దాకా పాత హోల్డర్లో పట్టే ఎల్ఈడీ బల్బులు వేలాడటం మొదలైంది.

మా బామ్మర్ది నకిరేకల్ నుంచి నార్కట్‌పల్లికి రోజూ బండి మీద పోయి వస్తాడు. పాత 100 సీసీ బండి. కిక్కు కొట్టే ఆ బళ్ళకి బ్యాటరీ చాలా చిన్నది, 2.5 ఆంపియర్-అవర్లే. అది కాస్త ముసలిదైతే, సిగ్నల్ దగ్గర ఆగి ఇండికేటర్ వేస్తే దీపాలు మసకబారతాయి, హారన్ గొంతు పోతుంది. అందుకని వాడు ఎల్ఈడీలు వేయించుకున్నాడు. కారణం సరైనదే, ఎవరూ కాదనలేరు. నాలుగు బల్బులు, పదిహేను నిమిషాల పని. నేను ఊరెళ్ళినప్పుడు చూస్తే ఎడమకి కొట్టినా కుడికి కొట్టినా నాలుగూ వెలుగుతున్నాయి.

"ఇదేందిరా, నాలుగు కొడ్తున్నయి?" అన్నాను.

"మంచిగనే ఉంది గద బావా! అన్ని దిక్కులా కనవడ్తది. ఉస్తాద్ గూడ గిట్లనే ఉంటది అన్నడు."

"కనవడ్తది సరే. ఎటు తిరుగుతున్నవో ఎట్ల తెలుస్తది?"

"నాలుగు కొడితే సీదా వోతున్నట్టు గద బావా..." అని, వాడే ఆగిపోయాడు.

అదీ సంగతి. మన రోడ్ల మీద నాలుగూ వెలిగిస్తే 'నేరుగా పోతున్నాను' అని ఒక అర్థం ఎవరో పుట్టించారు. నిజానికి నాలుగు దీపాలూ కొట్టుకోవడం అంటే ప్రమాద హెచ్చరిక. బండి ఆగిపోయింది, చూసి రండి అని. కూడలి లో నేరుగా పోయేవాడు నాలుగూ వెలిగిస్తే, పక్క నుంచి వచ్చేవాడికి ఒక వైపు దీపమే కనపడి వీడు తిరుగుతున్నాడనుకుంటాడు. ఇప్పుడు వీడి బండి కుడికి తిరిగేటప్పుడు కూడా నాలుగూ వెలుగుతున్నాయి. వెనక వచ్చే కారు డ్రైవరు ఏమనుకుంటాడు? సీదా పోతున్నాడులే అనుకుని కుడి పక్క నుంచి దాటబోతాడు. సరిగ్గా అప్పుడే వీడు డివైడరు మధ్య ఖాళీ వైపు తిరుగుతాడు.

ఈ డివైడరు ఖాళీల సంగతి ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకప్పటి 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 65, 2012 కి నాలుగు లైన్లయింది. ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క. బడి ఒక పక్క, ఇల్లు ఇంకో పక్క. రోడ్డు కార్లకి వేగం ఇచ్చింది గానీ అడ్డంగా దాటే అవసరాన్ని తగ్గించలేదు. 2014 డిసెంబరు 6 న నందమూరి జానకిరామ్ మునగాల మండలం ఆకుపాముల దగ్గర ఇదే రోడ్డు మీద తన కారు ట్రాక్టర్ని ఢీకొని చనిపోయినప్పుడు పేపర్లన్నీ రాశాయి. పేరు లేనివాళ్ళవి జిల్లా ఎడిషన్ లో నాలుగు లైన్లు. 2022 లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల వాళ్ళు. అందరూ ఇండికేటర్ వల్ల పోయారని కాదు. కానీ కుడి మలుపు దగ్గర వెనకవాడికి మనం చెప్పగలిగేది ఆ ఒక్క దీపంతోనే.

బామ్మర్ది బండిలో జరిగింది మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మీటరు బల్బు కథే. కుడి పక్క ఫిలమెంట్లు పోయి ఎల్ఈడీలు వచ్చాయి. మీటరు బల్బు గుండా వచ్చే ఆ కొద్దిపాటి కరెంటు పాత బల్బుని వెలిగించలేకపోయేది, ఎల్ఈడీని మాత్రం చక్కగా వెలిగిస్తుంది. అందుకని నాలుగూ ఒకటే కూత. మందు కూడా చిన్నదే. రెండు డయోడ్లు, 1ఎన్4007 రకం, రెండు మూడు రూపాయల సరుకు. ఎడమ వైరు నుంచి ఒకటి, కుడి వైరు నుంచి ఒకటి, రెండూ మీటరు బల్బు ఒక కొసకి వచ్చేలా కలిపి, రెండో కొసని ఎర్తుకి తగిలించాలి. కరెంటు లోపలికి వస్తుంది గానీ అవతలి వైపుకి దాటదు. ఉస్తాద్ దగ్గర కూర్చుని కాగితం మీద గీసి చూపిస్తే ఐదు నిమిషాల్లో పట్టేశాడు. "ఇన్ని బండ్లు చేసిన, ఎవ్వరు అడగలే సార్" అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు. మార్చమన్నది మార్చాడు. టెస్టు కేసు రాయాల్సింది వాడే వాళ్ళు.

మరి అతి వేగంగా కొట్టుకునేవి? అది ఫ్లాషర్ గొడవ. కరెంటు పదో వంతుకి పడిపోయేసరికి బల్బు పోయిందనుకుని కొన్ని ఫ్లాషర్లు వేగం పెంచుతాయి. వేడెక్కే పట్టీ రకమైతే అసలు కొట్టుకోకుండా వెలిగి ఉండిపోతుంది. దీనికి రెండు దారులు. ఒకటి, ప్రతి ఎల్ఈడీ పక్కన ఒక 14, 15 ఓముల రెసిస్టరు పెట్టి పాత బల్బు తాగే కరెంటే తాగించడం. పనిచేస్తుంది. కానీ మిగిల్చిన కరెంటంతా మళ్ళీ వేడిగా తగలబెట్టినట్టే, పక్కనున్న ప్లాస్టిక్కు కరిగే ప్రమాదం అదనం. పాత ఏపీఐ కోసం అబద్ధపు డేటా పంపించడం లాంటిది. రెండోది, ఫ్లాషర్నే ఎలక్ట్రానిక్ రకానికి మార్చడం. దానికి సొంత టైమరు ఉంటుంది, బల్బు కరెంటుతో పనిలేదు. ఇదే సరైన దారి.

కానీ ఇక్కడ ఒకటి పోతుంది. బల్బు చస్తే కబురు చెప్పే గుణం. సొంత టైమరున్న మామూలు ఫ్లాషర్ రెండు వెలిగినా ఒకటే వెలిగినా ఒకే లయలో టిక్కు టిక్కు మంటుంది. మీటరు లో అంతా బాగున్నట్టే కనపడుతుంది, వెనక చీకటి. సర్వరు చచ్చిపోయినా పచ్చ దీపం చూపించే మానిటరింగ్ స్క్రీను తెలుసు కదా, అదే ఇది. దీనికి చవక మందు లేదు, దిగి వెనక్కి వెళ్ళి చూసుకోవడమే.

ఇంకో రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. ఒకటి, వెలుగు ఏ దిక్కుకి పోతుందన్నది. ఫిలమెంటు అన్ని వైపులకీ వెలుగు చిమ్ముతుంది, వెనకున్న అద్దం దాన్ని కూడగట్టి పంపుతుంది. ఆ గిన్నెని డిజైన్ చేసింది ఆ బల్బు కోసం. చివర ఒక్కటే ఎల్ఈడీ ఉన్న బల్బు వేస్తే నేరుగా వెనక నిలబడ్డవాడికి కళ్ళు చెదురుతాయి, పక్క నుంచి వచ్చేవాడికి ఏమీ కనపడదు. చుట్టూ ఎల్ఈడీలున్నది నయం. బల్బు బదులు ఆ బండికి సరిపోయే మొత్తం ఎల్ఈడీ దీపం వేసుకుంటే ఇంకా నయం. ఏ దీపానికైనా ఆమోదం వచ్చేది ఏ బల్బుతో పరీక్ష చేశారో దానికే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. రెండోది, రంగు. నీలం, తెలుపు, గులాబీ వద్దు. నియమం ఒప్పుకోదు అన్నది ఒక కారణం. ఆంబర్ అంటే మలుపు అని చదువు రాని ట్రాక్టరు డ్రైవరుకి కూడా తెలుసు అన్నది అసలు కారణం. ఆ అర్థం స్థిరపడటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. మీ బండి ఒక్కదాని కోసం కొత్త భాష ఎవరూ నేర్చుకోరు.

నాకు ఈ కథలో నచ్చేదేమిటంటే, చెయ్యి పోయి ఇనప చెయ్యి వచ్చినా, అది పోయి బల్బు వచ్చినా, బల్బు పోయి ఎల్ఈడీ వచ్చినా, దీపం అవతలి మనిషితో అనే మాట మారలేదు. 'అన్నా, నేను ఇటు తిరుగుతున్నా, కాస్త చూసుకో.' ముక్కూ మొహం తెలియనివాడికి చెప్పే మాట అది. పెళ్ళాం పిల్లలతో పోయేటప్పుడు మన ప్రాణం ఆ తెలియనివాడికి ఆ మాట అర్థమవడం మీద ఆధారపడుతుంది. ఎల్ఈడీతో ఆ మాట ఇంకా గట్టిగా, ఇంకా త్వరగా వినిపించొచ్చు. గొంతు పెంచే తొందరలో మాట మార్చెయ్యకుండా ఉంటే చాలు.

మన వైపు దసరాకి బళ్ళన్నీ కడిగి, బొట్లు పెట్టి, దండ వేసి, నిమ్మకాయలు తొక్కిస్తారు. ఈసారి ఊరెళితే నిమ్మకాయలు పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, మీ తమ్ముడినో బామ్మర్దినో బండి మీద కూర్చోబెట్టి ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి కొట్టమనండి. మీరు వెనక ఇరవై అడుగుల దూరంలో ఎండలో నిలబడి చూడండి. వేసిన వైపే వెలుగుతోందా, రెండోది ఆరి ఉందా, రంగు ఆంబరేనా, పదిహేను సెకన్లలో పదిహేను నుంచి ముప్ఫై సార్లు కొట్టుకుంటోందా. అంతే పని. తేడా ఉంటే డయోడ్లూ ఫ్లాషరూ ఎక్కడ పెట్టాలో పైన చెప్పాను, కాగితం మీద గీసి ఉస్తాద్ కి ఇచ్చెయ్యండి.